నాలుగో రోజు, మధ్యాహ్న భోజనం

పెంతెకొస్తు ఆదివారం మిట్టమధ్యాహ్నం, మూడు బారు బల్లల నిండా జనం కూర్చుని తింటున్న వేళ, ఎర్మెలిందా చేతిలో ఎవరో ఒక కాగితం పెట్టారు. పెట్టింది ఎండకు ముక్కు కమిలిన ఒక పరదేశి ఆడమనిషి. పక్కన గుమ్మానికి తల తగులుతుందేమోనని వంగి నిలబడిన ఆమె మొగుడు. ఇద్దరూ ముఖం నిండా నవ్వుతున్నారు. కాగితం మీద రంగుల్లో ఒక బొమ్మ ఉంది. పొగలు కక్కే సూపు గిన్నె, అందులో నానిన రొట్టె, పైన పుదీనా రెమ్మ. ఆ గిన్నెని ఎర్మెలిందా ఇట్టే పోల్చుకుంది. అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడిన ఊరి గిన్నె అది. పోయినేడు పండగనాడు ఇదే బల్ల మీద ఎవరో ఫోనుతో తీసిన బొమ్మ.

కింద రాసింది ఇంగ్లీషు. రొట్టెలు పంచుతున్న బడిపంతులమ్మ నీల్దాని పిలిచి చదవమంది. నీల్దా ఒకసారి చదివి, గొంతు సవరించుకుని, మళ్ళీ మనసులో చదువుకుని, అప్పుడు చెప్పింది.

"నాలుగో రోజు, మధ్యాహ్న భోజనం. ఊరివాళ్ళతో కలిసి సంప్రదాయ విందు. డబ్బు ముందే కట్టేశారు అని ఉంది పిన్నీ."

"ఎవరికి కట్టారే?"

నీల్దా కాగితం అడుగున వేలు పెట్టింది. అక్కడున్న ముద్ర చదవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. నీలం రంగు తిమింగలం. ఎర్మెలిందా సొంత చెల్లెలి కొడుకు వాల్దెమార్ రేవు దగ్గర పెట్టిన అద్దె కార్ల కొట్టు ముద్ర అది. ఆ వాల్దెమారే తెల్లవారుజాము నుంచి వెనక వంటింట్లో చెమటలు కక్కుకుంటూ గిన్నెలు మోస్తున్నాడు, మహా పుణ్యాత్ముడిలాగా.

చెప్పండి, ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు? ఫయాల్ దీవిలో ఆ సూపుని తాతల కాలం నుంచి ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు. బూడిద వాన కురిసి చేలన్నీ మాడిపోయిన ఏడు కూడా అమ్మలేదు. మొక్కుకున్న ఇల్లు దూడల్ని పెంచి ఇస్తుంది, ఊరంతా కలిసి వండుతుంది, వచ్చినవాడు తింటాడు. ఓడ దిగిన నావికుడైనా సరే, పోలీసు అయినా సరే, దారి తప్పిన పరదేశి అయినా సరే, నువ్వెవరివని అడగరు. పరిశుద్ధాత్మ పేరున పెట్టే పంక్తి అది. దానికి ధర కట్టి, ముద్ర కొట్టి, ఊళ్ళు తిప్పి అమ్ముకున్నాడు ఈ ఘనుడు.

అందులోనూ ఈ ఏటి మొక్కు ఎర్మెలిందాది. ఫిబ్రవరిలో ఆమె భర్త బెలార్మీనోకి గుండె పట్టేసింది. పెద్ద దీవికి తీసుకెళ్తేగానీ బతకడన్నారు డాక్టర్లు. బయట చూస్తే గాలివాన, విమానం రెండు రోజులు దిగలేకపోయింది. ఆసుపత్రి వసారాలో చన్నీళ్ళలాంటి గచ్చు మీద మోకాళ్ళూని ఆమె మొక్కుకుంది. ఈ మనిషిని నాకు వదిలెయ్యి, ఈ ఏడు పరిశుద్ధాత్మ కిరీటం నా ఇంటికి తెచ్చుకుని పండగ నేనే చేస్తాను, నా పంక్తికి వచ్చినవాళ్ళు ఒక్కరు కూడా తినకుండా వెళ్ళరు, అని. మూడో రోజు పొద్దున గాలి తగ్గింది. బెలార్మీనో ఇప్పుడు మూడో బల్ల చివర కూర్చుని, కత్తి వణుకుతున్నా వినకుండా, రొట్టెలు కోస్తున్నాడు. మొక్కు సగం తీర్చినవాళ్ళ దగ్గర ఇచ్చింది వెనక్కి తీసేసుకుంటాడు దేవుడు. ఎర్మెలిందాకి ఆ విషయంలో అణువంత అనుమానం లేదు.

అయితే ఆ క్షణాన ఆమెకి మొక్కు గుర్తు లేదు, మంట ఒక్కటే ఉంది. కాగితాన్ని ఆ పరదేశి ఆడమనిషి గుండెకేసి తోసింది. ఇది ఇక్కడ చెల్లదు అని చెయ్యి అడ్డంగా ఊపింది, అదీ రెండుసార్లు, మొదటి బల్లంతా వినిపించే గొంతుతో. తర్వాత వాళ్ళ వంక తిరిగి చూడకుండా గబగబా వంటింట్లోకి నడిచింది.

వాల్దెమార్ పొయ్యి మీంచి గంగాళం దించుతున్నాడు. పెద్దమ్మ ముఖం చూడగానే సంగతి అర్థమైపోయింది వాడికి. గంగాళం కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. ఆమె తిట్టినవన్నీ ఇక్కడ రాయడం కుదరదు, పండగ పూట పైగా. చచ్చిపోయిన చెల్లెల్ని తలుచుకుంది, పెంచిన తన చేతుల్ని తిట్టుకుంది, నీలం తిమింగలాన్ని పేరుపెట్టి తిట్టింది. వాడు మెల్లగా అన్నాడు.

"సూపు నేను అమ్మలేదు పెద్దమ్మా. దారి చూపించినందుకు తీసుకున్నాను. కారుతో పాటు ఏ రోజు ఎక్కడికెళ్ళాలో, ఏం తినాలో కూడా రాసిస్తేనే తీసుకుంటున్నారు జనం. ఎలాగూ ఇక్కడ అందరికీ పెడతారు కదా అని..."

"ఎలాగూ పెడతారు కదా అని! మీ పెద్దనాన్న ప్రాణం కూడా ఎలాగూ ఉంది కదా, అది కూడా రాయకపోయావా ఆ కాగితంలో?"

వాడు తల దించుకున్నాడు. ఆమె ఇంకా అనబోతుండగా, రొట్టెల బుట్ట ఖాళీ అయిందని చెప్పడానికి బెలార్మీనో గోడ పట్టుకుని నెమ్మదిగా లోపలికి వచ్చాడు. గొడవ సంగతి అతనికి తెలియదు. బుట్ట అందిస్తూ మామూలుగా అడిగాడు. "ఆ వచ్చిన ఇద్దరూ తిననేలేదు, ఎందుకని వెళ్ళిపోయారు?"

ఎర్మెలిందా బుట్ట అక్కడే వదిలేసింది. హాల్లోకి పరుగెత్తింది. మొదటి బల్ల చివర, ఎవరో వాళ్ళ కోసం పోసి ఉంచిన రెండు గిన్నెలు అలాగే ఉన్నాయి. చెంచాలు కూడా తడవలేదు. బయటికొచ్చి చూస్తే, చర్చి మలుపు దగ్గర తెల్లటి చిన్న కారు ఒకటి కొండవైపు ఎక్కిపోతోంది. ఎవరూ వాళ్ళని ఆపలేదు. పంక్తి పెట్టిన ఇల్లాలే వెళ్ళగొడితే ఎవరు ఆపుతారు? ఒక్కరు కూడా తినకుండా వెళ్ళరని మొక్కుకున్న నోటితోనే ఇద్దర్ని వెళ్ళగొట్టింది.

భర్తకేం చెప్పలేదు. వడ్డన ఆడపడుచుకి అప్పగించింది. పాలు పోసే మూత క్యానులో సూపు నింపింది, మాంసం మంచి ముక్కలు ఏరి వేసింది. రెండు రొట్టెలు గుడ్డలో చుట్టి, రెండు గిన్నెలు, ఒక గరిటె సంచిలో పడేసింది. ఏప్రాన్ విప్పడం కూడా మరిచిపోయి వచ్చి వాల్దెమార్ కారు తలుపు తీసింది.

"ఎక్కడికి పోతారో నీకు తెలుసుగా, నువ్వే రాశావుగా. పద."

కారు కొండ ఎక్కుతోంది. క్యాను ఆమె ఒళ్ళో, రెండు చేతుల మధ్య. తమ్ముడి పెళ్ళికి పొరుగు దీవికి వెళ్ళినప్పుడు తప్ప ఆమె ఇలా కారులో తీరిగ్గా కూర్చుని దీవి తిరిగింది లేదు. ఎప్పుడూ ఆవుల వెనక నడకే, లేదంటే పాల ట్రాక్టరే. సొంత దీవిని ఇలా సెలవులకొచ్చిన దొరసానిలాగా చూడవలసి రావడం ఆమెకి అదొక మంట. డాష్‌బోర్డులో అలాంటి కాగితమే ఇంకొకటి ఉంటే తీసి వాడి ఒళ్ళో పడేసి, చదవమంది. బండి తోలుతూ చదవలేనన్నాడు. రాసినవాడివి నీకు నోటికి రాదా అంది.

వాడు చెప్పక తప్పలేదు. ఒంటిగంటన్నరకి పాత అగ్నిపర్వతం నోరు చూడాలి. దారిలో నీలిపూల కంచెల అందాలు. ఎర్మెలిందా కిటికీలోంచి చూసింది. కంచెలు పచ్చగా ఉన్నాయి, ఒక్క పువ్వు లేదు. "జూలైలో పూసే పువ్వులు జూన్ మొదట్లో ఎలా చూపిస్తావురా? కాగితానికి అంటించావా?" అంది. తర్వాత, రోడ్డు మీద ఆవులు అడ్డొస్తే ఓపిగ్గా ఆగండి, ముచ్చటైన దృశ్యం అని ఉందట. పాలు పిండే వేళ దాటిపోతోందని అవి అరుస్తుంటే, కార్ల వాళ్ళు దిగి ఫోటోలు తీస్తుంటే, అవి బెదిరి గోడలు దూకితే, ఆ ముచ్చటంతా ఎవరు పడుతున్నారో తెలుసా అని అడిగింది. పోయిన నెలలో ఆమె గోధుమరంగు ఆవు కాలు బెణికింది అలాగే. వాడికి ఆ సంగతి తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి గేరు మార్చాడు.

కొండపైన మబ్బు దిగి ఉంది. అగ్నిపర్వతం నోరు కాదు కదా, ముందున్న గోడ కూడా కనబడలేదు. కార్లు ఆపే చోట తెల్ల కారు లేదు. గడ్డి మోపు మోసుకొస్తున్న ముసలి ఆసామి ఒకడు కనిపించాడు. తెల్ల కారు వచ్చిందనీ, ఇద్దరూ దిగి మబ్బుని కాసేపు చూశారనీ, ఆడమనిషి కళ్ళు తుడుచుకుందనీ, పడమటి వైపు దిగిపోయారనీ చెప్పాడు. కళ్ళు తుడుచుకుందన్న మాట ఎర్మెలిందాకి గుచ్చుకుంది. మబ్బు తడేమో పెద్దమ్మా అన్నాడు వాల్దెమార్. నువ్వు నోరు మూసుకో అంది.

కారు దిగుడులో పడింది. క్యాను వేడి తగ్గుతోంది. ఆమె ఏప్రాన్ విప్పి దాని చుట్టూ చుట్టింది. అప్పుడు వాడు మెల్లగా అందుకున్నాడు. చలికాలం ఆర్నెల్లు కొట్టు ఈగలు తోలుకుంటుందన్నాడు. ఉన్నవి ఐదు బుల్లి కార్లు, పెద్ద కంపెనీల వాళ్ళతో ఎక్కడ పోటీ పడగలనన్నాడు. వాళ్ళ దగ్గర లేనిది తన దగ్గరేముందని ఆలోచిస్తే, మన ఊరు కనిపించిందన్నాడు. ఆ మాట మాత్రం అబద్ధం కాదు. కానీ కష్టం ఉన్నవాడు తనది అమ్ముకోవాలి. కారు అమ్ముకో, చొక్కా అమ్ముకో, కాదనేవాళ్ళు లేరు. ఊరు పెట్టే అన్నం నీ సొత్తెప్పుడైంది? ఎర్మెలిందా ఇదంతా పైకే అంది, ఒక్క ముక్క మింగకుండా.

"తర్వాతేంటి?" అంది చివరికి.

కారు మలుపు తిరిగింది. పచ్చదనం అయిపోయి, నేల ఒక్కసారిగా నల్లగా, బూడిదగా మారింది. దూరాన సగం వరకు పూడిపోయిన దీపస్తంభం.

"చెప్పవేం?"

"మూడు గంటలకి దీపస్తంభం. చందమామ మీద నడుస్తున్నట్టుంటుంది. ఫోటోలకి ఇరవై నిమిషాలు చాలు." చదివినట్టుగా, గొంతులో జీవం లేకుండా చెప్పాడు.

ఎర్మెలిందా ఆ నల్లనేల వైపు చూసింది. ఆమె ఐదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు అక్కడ సముద్రం అడుగున అగ్నిపర్వతం బద్దలైంది. నెలల తరబడి బూడిద పడింది, ఇళ్ళ కప్పులు కూలాయి, జనం పక్కబట్టలు నెత్తిన పెట్టుకుని తూర్పుకి నడిచారు. ఆమె నాన్న కట్టిన ఇల్లు, అమ్మ మొక్కజొన్న రొట్టెలు కాల్చిన పొయ్యి, ఆ దీపస్తంభానికి ఇవతల, ఆ నల్లదిబ్బ కిందే ఎక్కడో ఉన్నాయి. ఆ అమ్మకి వాల్దెమార్ మనవడే. వాడికీ ఆ సంగతి చిన్నప్పట్నుంచీ తెలుసు. తెలిసే రాశాడు.

"ఇరవై నిమిషాలు," అంది. "మీ అమ్మమ్మ ఇంటికి." అంతకంటే తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది వాడికి.

తెల్ల కారు అక్కడే ఉంది. వాళ్ళిద్దరూ విరిగిన రాతి గోడ మీద, సముద్రానికి వీపు పెట్టి కూర్చుని, పొట్లంలోంచి బిస్కెట్లు తింటున్నారు. ఎర్మెలిందా కారు దిగి క్యాను పట్టుకుని బూడిదలో కాళ్ళు దిగబడుతుంటే వాళ్ళ వైపు నడిచింది. ఆమెని చూడగానే ఇద్దరూ గబుక్కున లేచి నిలబడ్డారు. తప్పు చేసి దొరికిపోయినవాళ్ళలాగా ఉన్నారు పాపం. వాల్దెమార్ పేర్లు చెప్పాడు. ఆమె మరైక, అతను వౌటర్, నెదర్లాండ్స్ నుంచి వచ్చారు.

"ఇప్పుడు నేనన్నది నీ మాటగా, అన్నది అన్నట్టు చెప్పు," అంది ఎర్మెలిందా వాడితో. "ఈ అన్నం అమ్మేది కాదు. నాది కానిదాన్ని నేను మీకు అమ్మాను. ఈవిడ తిట్టింది నన్ను, మిమ్మల్ని కాదు. ఈవిడ తన భర్త ప్రాణం కోసం మొక్కుకుంది, వచ్చినవాళ్ళు ఒక్కరు కూడా తినకుండా వెళ్ళరని. మీరు తినకపోతే ఆ మొక్కు తీరదు. చెప్పు."

వాల్దెమార్ చిరునవ్వు నవ్వి, ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. గట్టిగా లెక్కేస్తే ఆరు మాటలుండవు. వాళ్ళిద్దరూ కూడా మర్యాదగా నవ్వి తలూపారు. వౌటర్ వెనక జేబులో చెయ్యి పెట్టి పర్సు తీశాడు.

ఎర్మెలిందాకి ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు. కానీ పర్సు ఏ భాషలోనైనా పర్సే. ఆమె అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేను అంత పొడుగు చెప్తే నీ నోట్లో అంత పొట్టిదెలా అయింది? ఏం చెప్పావు?"

"చిన్న పొరపాటు జరిగిందని చెప్పాను పెద్దమ్మా."

"చిన్న పొరపాటా! చూడు, ఆ మనిషి డబ్బు తీస్తున్నాడు. ఇంకోసారి కొనుక్కోమని చెప్పావు నువ్వు. నీ పెద్దనాన్న ప్రాణాన్ని ఇంకోసారి అమ్మావు. మొత్తం చెప్పు. ఒక్క మాట తగ్గినా వాళ్ళ ముఖాల్లో నాకు తెలిసిపోతుంది."

వాడు కాళ్ళ కింద బూడిదని చూశాడు, దీపస్తంభాన్ని చూశాడు, పెద్దమ్మ చేతిలో ఏప్రాన్ చుట్టిన క్యానుని చూశాడు. అప్పుడు మొదలుపెట్టాడు. ఈసారి నవ్వలేదు. ఒకచోట తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. ఇంకోచోట మాట అడ్డం పడి, ఆగి, మళ్ళీ అందుకున్నాడు. చెప్తూ చెప్తూ, పెద్దమ్మ చెప్పమనని ముక్క కూడా ఏదో చెప్పాడు, నల్లదిబ్బ వైపు చెయ్యి చూపించి. మరైక నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వౌటర్ పర్సు జేబులో పెట్టేసుకున్నాడు. బిస్కెట్ల పొట్లం కూడా మడిచి దూరంగా పెట్టాడు. ఆ తర్వాత ఇద్దరూ ఆ రాతి గోడ మీద, పంక్తిలో కూర్చున్నట్టు పక్కపక్కన సర్దుకుని కూర్చున్నారు.

ఎర్మెలిందా గిన్నెల్లో రొట్టె తుంచి వేసి, మీద సూపు పోసింది. గోరువెచ్చగా ఉంది, అంతే. ఈ చల్లారిన సూపు పోయడానికా దీవి సగం తిరిగిందని మళ్ళీ మండింది ఆమెకి. కానీ వాళ్ళు తిన్నారు. మొహమాటానికి తినడం కాదు, ఆకలిగొన్నవాళ్ళు తిన్నట్టు తిన్నారు, వేళ్ళతో గిన్నె తుడుచుకుని మరీ. ఆఖరి ముక్క గొంతు దిగేదాకా ఆమె ఊపిరి సరిగా తీసుకోలేదు. దిగాక మాత్రం అక్కడే బూడిదలో చతికిలబడింది. బెలార్మీనో ఈపాటికి రొట్టెలు కోయడం అయిపోయి, ఎండలో కుర్చీ వేసుకుని కునుకు తీస్తుంటాడు. తీయనీ అనుకుంది.

మరైక గిన్నె దించి, వాల్దెమార్ వైపు చూసి ఏదో అడిగింది. వాడు ఏం లేదన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె మళ్ళీ అడిగింది.

"ఏమంటోంది?" అంది ఎర్మెలిందా.

"ఏం లేదులే పెద్దమ్మా."

"మళ్ళీ పొట్టిగా చెప్తున్నావా?"

"నేను తిన్నానా అని అడుగుతోంది."

తినలేదు. తెల్లవారుజాము నుంచి గంగాళాలు మోశాడు, పంక్తిలో కూర్చునే వేళకి పెద్దమ్మ తిట్లు తిన్నాడు, ఆ తర్వాత కారు తోలాడు. మరైక తన దగ్గరున్న రొట్టె సగం విరిచి, గోడ మీద చోటు చేసి, వాడి కోసం పక్కన పెట్టింది. ఈ ఊరిది కాదు, ఈ మతాచారం తెలియదు, అయినా ఆ పని ఆమెకే ముందు తోచింది.

వీడికి మాత్రం చుక్క పోయను అనే మాట ఎర్మెలిందా నాలుక చివర సిద్ధంగా ఉంది. అనడానికి నోరు తెరిచింది కూడా. 'ఒక్కరు కూడా' అని మొక్కుకుంది తను. 'దొంగవెధవలు తప్ప' అనలేదు. ఆసుపత్రి గచ్చు మీద మోకాళ్ళు పుళ్ళయ్యేలా కూర్చుని, ఆ రెండు మాటలు కలుపుకోవాలని తోచనందుకు ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండింది.

గిన్నెలు రెండే తెచ్చింది. క్యాను మూత తీసి, వెల్లకిలా తిప్పి, మిగిలిన రొట్టె అందులో తుంచింది. కోపం ఇసుమంత కూడా తగ్గలేదు. అయినా గరిటె అడుగుదాకా దించి, ఉన్నవాటిలో పెద్ద ముక్క చూసి తీసి, మూత నిండా పోసి వాడి చేతిలో పెట్టింది.

"తిను," అంది. "నీ సంగతి తిన్నాక మాట్లాడతాను."